గ్లామర్ మోడల్‌ని ‘అందాల మోడల్’ అనొచ్చా?

ప్రశ్న: మాస్టారూ, 1950ల నాటి లండన్ ఫోటోగ్రాఫర్ల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అందులో ‘గ్లామర్ మోడల్’ అన్న మాట అడుగడుగునా తగులుతోంది. నేను ‘అందాల మోడల్’ అని రాస్తే, ఎడిటర్ గారు ‘ఫ్యాషన్ మోడల్’ అని దిద్దారు. ఏది నయం?

జవాబు: రెండూ కుదరవమ్మా. ఫ్యాషన్ మోడల్ బట్టలు చూపించడానికి నిలబడుతుంది. ఆనాటి బ్రిటన్‌లో గ్లామర్ మోడల్ అంటే బట్టలు తక్కువగానో, అసలు లేకుండానో ఫోటోకి నిలబడే అమ్మాయి. ‘నగ్నచిత్రం’ అని బోర్డు పెడితే పోలీసులు తలుపు తడతారు, ‘గ్లామర్’ అంటే కాస్త మర్యాద.

మీ వ్యాసంలో పమేలా గ్రీన్ పేరు ఉండే ఉంటుంది. సెయింట్ మార్టిన్స్ ఆర్ట్ స్కూల్లో చదువుకుంటూ ఫీజు డబ్బుల కోసం మోడలింగ్‌కి దిగింది. ఫోటోగ్రాఫర్ హారిసన్ మార్క్స్‌తో కలిసి లండన్‌లోని సోహో పేటలో జెరార్డ్ స్ట్రీట్‌లో స్టూడియో నడిపింది. 1957లో ఇద్దరూ ‘కమేరా’ అనే చిన్న పత్రిక మొదలుపెట్టారు. ఆవిడే ఎర్ర విగ్గు పెట్టుకుని ‘రీటా లాండ్రే’ అనే పేరుతో కూడా ఫోటోలు దిగేది. మనిషి ఒకరే, పేర్లు రెండు. విగ్గు మారిస్తే మోడల్ మారినట్టే!

ఇక టచింగ్, అంటే ఫోటోని చేత్తో దిద్దడం. మన ఊళ్ల పాత స్టూడియోల్లో మొటిమలూ మచ్చలూ పోగొట్టడానికి చేసేవాళ్లే, అదే పని. అక్కడ మాత్రం బొడ్డు కింద వెంట్రుక జాడ లేకుండా, ప్లాస్టిక్ బొమ్మలా నున్నగా చేసేవాళ్లు. అశ్లీల ప్రచురణల చట్టం భయం మరి. అలా దిద్దనని మొండికేసినవాడు జీన్ స్ట్రేకర్ అనే ఫోటోగ్రాఫర్. ఆయన కేసులో 1959 చట్టం నెగటివ్‌లకు వర్తించదని తేలింది. దాంతో 1964లో చట్టాన్ని సవరించి నెగటివ్‌లనూ దాని కిందికి తెచ్చారు. ఒక ఫోటోగ్రాఫర్ పట్టుదలకి పార్లమెంటు చట్టమే మార్చుకోవాల్సి వచ్చింది, నాకైతే ముచ్చటేసింది. అదే సోహోలో విండ్‌మిల్ థియేటర్‌లో ఆ రోజుల్లో ఇంకో తమాషా: వేదిక మీద నగ్నంగా ఉన్న అమ్మాయి బొమ్మలా కదలకుండా నిలబడాల్సి వచ్చేది, కదిలితే తప్పు.

మాట పుట్టుక ఇంకా బాగుంటుంది. ‘గ్లామర్’ అనేది ‘గ్రామర్’కి స్కాట్లండ్ వాళ్ల నోట్లో మారిన రూపం. లాటిన్ చదువంటే మంత్రవిద్యే అని జనం అనుకున్న రోజుల్లో వ్యాకరణం కాస్తా మంత్రమైంది. గారడీవాడు చూపును మాయ చేస్తే ‘కళ్ల మీద గ్లామర్ వేశాడు’ అనేవాళ్లు. స్కాట్లండ్ రచయిత వాల్టర్ స్కాట్ రచనలతో ఇంగ్లీషువాళ్లందరికీ ఆ మాట అలవాటైంది. మనకి ‘కనికట్టు’ ఉంది కదా, కన్ను కట్టేయడం. ఇంతకంటే దగ్గరి మాట నాకు తెలియదు.

మరొకరు: అయితే ‘కనికట్టు మోడల్’ అందామా సార్? :)

జవాబు: అంటే గారడీవాడి అసిస్టెంట్ అనుకుంటారు బాబూ! ‘గ్లామర్ మోడల్’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘అర్ధనగ్న, నగ్న ఫోటోలకు నిలబడే మోడల్’ అని ఒక్క వాక్యం రాస్తే చాలు. సినిమా పేజీల వల్ల మనవాళ్లకి సగం అర్థం ముందే తెలుసు. ‘గ్లామర్ షోకి నో చెప్పింది’ అంటే ఒళ్లు కనబడే బట్టలు వేసుకోనంది అని. ‘డీగ్లామర్ పాత్ర’ అంటే మాత్రం మేకప్పూ మెరుపూ లేని పాత్ర. ఇక్కడ తిరకాసుంది, ‘డీగ్లామర్’లోని గ్లామర్‌ని మీ వ్యాసంలోకి రానివ్వకండి.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ మాస్టారూ. మరి ‘పినప్’?

జవాబు: పిన్నుతో గోడకి గుచ్చుకునే బొమ్మ. ‘క్యాలెండర్ బొమ్మ’ అనాలనిపిస్తుంది గానీ, మన క్యాలెండర్ల మీద లక్ష్మీదేవి ఉంటుంది. ‘గోడబొమ్మ’ అని చూడండి.