సమస్యాపూరణం: “పసిఁడి ముట్టిన వానికే పస్తు మిగిలె” – పూరణలు, పరామర్శలు

నిర్వాహకుడు

ఈ వారం సమస్య తేటగీతి నాలుగో పాదం; ముందు మూడు పాదాలు మీరు పూరించాలి:

*పసిఁడి ముట్టిన వానికే పస్తు మిగిలె*

గణాలు: పసిఁడి (న) – ముట్టిన (భ) – వానికే (ర) – పస్తు (హ) – మిగిలె (న). ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. యతి నాలుగో గణం మొదటి అక్షరానికి, ఇక్కడ ప–ప. అరసున్న లఘువును గురువు చేయదు కాబట్టి “పసిఁడి” మూడు లఘువులే.

రాసేముందు ఒక్కటి చూసుకోండి. మూడో పాదం ద్రుతంతో, అంటే మాట చివరి ‘న్’తో, ముగిస్తే సమస్యలోని “పసిఁడి” కాస్తా “బసిఁడి” అయి కూర్చుంటుంది. ఇచ్చిన పాదం మారకూడదు. కాబట్టి అక్కడ “-ఁగ, -చు, -గా” వద్దు. “-ఇ, -ఇన, -అట్టి” లాంటివి వేసుకోండి.

పురాణమైనా చరిత్రైనా సరే. కానీ పద్యంలో పసిడీ ఉండాలి, దాన్ని ముట్టడమూ ఉండాలి, పస్తూ ఉండాలి. మూడింట్లో ఒకటి జారినా పూరణ కుంటిదే.

అరసున్న

తే. తాకినంతనె హేమమై తళుకులీను
వరము గోరిన మైడసు వంటలెల్ల
నోటఁ బెట్టఁగ లోహమై నొచ్చెఁ బళ్లు
పసిఁడి ముట్టిన వానికే పస్తు మిగిలె.

పాత పలక

గణాలూ యతులూ సరే. త–త, వ–వ, నో–నొ. అన్వయంలోనే చిక్కు. గ్రీకు కథలో రాజు మైడస్ ముట్టింది రొట్టెను. అది పసిడి అయింది. సమస్య పసిడిని ముట్టినవాడి గురించి అడుగుతోంది. రెండూ ఒకటి కావు.

అరసున్న

మూడో పాదం చూడండి. నోట పెట్టేసరికే అది లోహం. పళ్లు ఆనింది పసిడికే.

నిర్వాహకుడు

సమర్థన నిలుస్తుంది. “నొచ్చెఁ బళ్లు” ఈ పద్యానికి ప్రాణం. అది లేకపోతే పాత పలక గారి ఆక్షేపణకు జవాబు లేదు.

కథ చివర మైడస్ లిడియా (నేటి టర్కీలోని పాత రాజ్యం)లోని పక్టోలస్ నదిలో మునిగి వరం వదిలించుకున్నాడనీ, అందుకే ఆ ఇసుకలో బంగారమనీ గ్రీకులు చెప్పుకున్నారు. ఆ ఇసుకలో బంగారం నిజంగానే ఉండేది, కాకపోతే వెండి కలిసి. లిడియా రాజధాని సార్డిస్‌లో ఆ నది ఒడ్డున క్రీస్తుపూర్వం 6వ శతాబ్దపు శుద్ధిశాల తవ్వకాల్లో బయటపడింది. మట్టిపాత్రలో పలుచని రేకులనూ ఉప్పునూ వరసలుగా పేర్చి, బంగారం కరిగే 1064 డిగ్రీలకు బాగా దిగువనే గంటల తరబడి కాల్చేవారు. ఉప్పుతో కలిసిన వెండి క్లోరైడుగా మారి మట్టిలోకి, కొలిమి గోడలోకి ఇంకిపోతుంది. బంగారం రేకు రేకుగానే మిగులుతుంది. తర్వాత ఆ కొలిమి ఇటుకలను సీసంతో కరిగించి వెండిని కూడా రాబట్టుకునేవారు. రేకు మందంగా ఉంటే లోపలి వెండి కదలదు; వేడి మితిమీరితే రేకు కరిగి ముద్దయి పని చెడుతుంది.

ఒరగల్లు

మైడస్ పస్తు మీద చరిత్ర ఎకసెక్కం ఒకటుంది. టర్కీలోని గోర్డియన్‌లో ‘మైడస్ దిబ్బ’ అని పేరుపడ్డ 53 మీటర్ల సమాధి దిబ్బను 1957లో తెరిచారు. లోపల కంచుపాత్రలు గుట్టలుగా ఉన్నాయి, బంగారం పిసరు లేదు. పాత్రలకు అంటుకున్న మడ్డిని పరీక్షిస్తే మేకమాంసమో గొర్రెమాంసమో పప్పుధాన్యంతో వండిన కూర. ద్రాక్షసారా, బార్లీసారా, తేనెసారా కలిపిన పానీయం. అంటే పసిడి లేదు, విందు మాత్రం ఘనంగా జరిగింది. దుంగల వలయాలను బట్టి ఆ గది క్రీ.పూ. 740 ప్రాంతానిది కాబట్టి సమాధి మైడస్ తండ్రిదై ఉండవచ్చునని పరిశోధకుల మాట.

వలపలగిలక

తే. కలికిఁ గనకాన నెలవిచ్చి కడకు రాజు
పాము వైచెను ముని మెడఁ, బడెను శాప
మేడు దినముల, కుపవాస మేర్పడంగఁ
పసిఁడి ముట్టిన వానికే పస్తు మిగిలె.

నిర్వాహకుడు

ఊహ బాగుంది. పరీక్షిత్తు కలిపురుషుడికి ముందు జూదం, మద్యం, స్త్రీలు, హింస అని నాలుగు చోట్లిచ్చాడు. మళ్లీ అడిగితే బంగారాన్ని ఐదో చోటుగా ఇచ్చాడు. వేటలో ఆకలిదప్పులతో వచ్చి శమీకుడి మెడలో చచ్చిన పామును వేశాడు. ముని కొడుకు శపించాడు. రాజు గంగ ఒడ్డున ప్రాయోపవేశానికి కూర్చున్నాడు. ప్రాయోపవేశమంటేనే నిరాహారం కాబట్టి ఇక్కడ పస్తు ఎక్కడినుంచో అతికించింది కాదు, కథలోనిదే.

కానీ మూడో పాదం చివర “ఏర్పడంగన్”. మొదట హెచ్చరించింది దీని గురించే. “ఏర్పడంగఁ బసిఁడి” కావలసిందే.

వలపలగిలక

“మేర్పడియెను” అంటే?

పాత పలక

అదీ ద్రుతాంతమే. విశేషణం చేసి “వానికే”కి కట్టేయండి:

*…శాప
మేడు దినముల, కుపవాస మెంచినట్టి
పసిఁడి ముట్టిన వానికే పస్తు మిగిలె.*

“మెంచి” (హ), “నట్టి” (హ). యతి శాపము + ఏడు, ఉపవాసము + ఎంచి, ఏ–ఎ స్వరయతి. ఇక్కడ “మేలు” లాంటి మాట వేస్తే, కంటికి మే–మే కుదిరినట్టున్నా కుదరదు. మొదటి చోట లెక్కకొచ్చేది “ఏ” అచ్చు, రెండో చోట “మే” హల్లు. చాలామంది జారేది ఇక్కడే.

ఈనెల పుల్ల

తే. ఎల్డొరాడొను వెదకుచు నేగువారు
గుఱ్ఱములఁ దిని తోళ్లను గొఱికినారు
తిరిగి వచ్చిన దెందఱో తెలియుమయ్య
పసిఁడి ముట్టిన వానికే పస్తు మిగిలె.

ఒరగల్లు

ఇది స్పెయిన్ సేనాని గొంజాలో పిజారో దండయాత్ర. 1541లో దక్షిణ అమెరికాలోని కీటో నుంచి ఆండీస్ దాటి తూర్పు అడవుల్లోకి దాల్చినచెక్క కోసం, ఎల్డొరాడో అనే కట్టుకథ బంగారు సీమ కోసం వెళ్లారు. గుర్రాలు, కుక్కలు అయిపోయాక జీనుల తోలు ఉడకబెట్టుకుని తిన్నారు. వాస్తవమే. కానీ ఆ అడవిలో వాళ్లకు పసిడి ముట్టలేదు! ముట్టనివాడి పస్తు ఈ సమస్యకు పనికిరాదు.

ఈనెల పుల్ల

నిజమే. ముట్టించే దారి ఉందా?

ఒరగల్లు

ఉంది. అంతకుముందే వాళ్ల చేతికి పసిడి వచ్చింది. 1532 నవంబరు 16న పెరూలోని కహమార్కాలో ‘ఇంకా’ రాజ్యపు చక్రవర్తి అటావాల్పాను పట్టుకున్నారు. విడుదలకు అతను ఒప్పుకున్నది సుమారు 22 అడుగుల పొడవు, 17 అడుగుల వెడల్పు గల గదిని చెయ్యెత్తినంత మేర బంగారు వస్తువులతో నింపుతానని. వచ్చినవాటిని కరిగించి కడ్డీలు పోసి పంచుకున్నారు. 1533లో అతన్ని చంపేశారు. ఆ పంపకంలో గొంజాలోకీ వాటా ముట్టింది. అది మూడో పాదంలో పెడితే చాలు:

*పెరువు కనకమ్ము పంచుక పెచ్చు గోరు
పసిఁడి ముట్టిన వానికే పస్తు మిగిలె.*

పె–పె యతి. “తెలియుమయ్య” అనే ఊతపదమూ పోయింది.

నిర్వాహకుడు

ఇప్పుడిది ఈ వారం పూరణల్లో ముందు వరసలోకి వచ్చింది. “గొఱికినారు” తర్వాత ద్రుతం లేదు కాబట్టి “పెరువు” మారదు, అదీ కలిసొచ్చింది.

తాటాకు

తే. మాలి నేలిన మూసాయె మక్క యాత్ర
దారి పొడుగునా బంగారు చల్లుకొనుచు
కైరొలో నప్పు చేసె నా ఘనుఁడు తిరిగి
పసిఁడి ముట్టిన వానికే పస్తు మిగిలె.

పాత పలక

రెండో పాదంలో దా–చ. తవర్గానికి చవర్గంతో మైత్రి లేదు; యతిభంగం. పైగా “చల్లుకొనుచున్” తర్వాత “గైరొ” అవ్వాలి. ఒకే మార్పుతో రెండూ తీరతాయి:

*దారి నిండుగ బంగారు ధారపోసి*

దా–ధా కుదిరింది, “పోసి” కళ, అంటే ద్రుతం లేని మాట. “పొడుగునా”లోని సాగదీత కూడా తప్పింది.

ఒరగల్లు

విషయం గట్టిది. 1324లో పశ్చిమాఫ్రికాలోని మాలి రాజ్య చక్రవర్తి మూసా మక్క యాత్రలో కైరోలో పంచిన బంగారానికి అక్కడి ధర పడిపోయింది. అంతకుముందు మిస్కాల్ (అక్కడి తూకం) బంగారం 25 దిర్హమ్‌లకు (వెండి నాణేలకు) తగ్గేది కాదు; ఆ తర్వాత 22కు, ఇంకా దిగువకూ జారి, పన్నెండేళ్లయినా కోలుకోలేదని అరబ్బు రచయిత అల్ ఉమరీ రాశాడు. మూసా తిరుగు ప్రయాణంలో కైరో వర్తకుల దగ్గరే పెద్ద వడ్డీకి అప్పు చేశాడు. అయితే అప్పు పస్తు కాదు. చక్రవర్తి అన్నం మానలేదు కదా. పస్తును “చేతిలో చిల్లిగవ్వ లేకపోవడం”గా తీసుకుంటేనే పద్యం నిలుస్తుంది.

నిర్వాహకుడు

లక్ష్యార్థంగా ఒప్పుకుందాం. మైడస్ పద్యం పక్కన పెడితే మాత్రం వెలవెలబోతుంది.

గుడిగంట

క్రమాలంకారంలో:

తే. ఏది తుప్పెఱుఁగని లోహ? మెవనికగ్ని
చేయి గాల్చును? దినమెల్లఁ జేయకున్న
వంట, యింటిలో నేమయె? వరుసఁ గనుఁడు
పసిఁడి, ముట్టిన వానికే, పస్తు మిగిలె.

నిర్వాహకుడు

మూడు ప్రశ్నలు, మూడు జవాబులు, వరస తప్పలేదు. ప్రశ్న “ఎవనికి” అని షష్ఠిలో ఉండటంతో “వానికే” అతుకు కనబడకుండా కుదిరింది. ఈ పద్ధతిలో నూటికి తొంభైమంది విభక్తి దగ్గరే దొరికిపోతారు.

కుంపటి

తే. ఊరి సొమ్మెల్లఁ గరగించి యూదునట్టి
చేతి పని పోయె. యంత్రాలు చేరెఁ జూడు
కూలి తిండికిఁ జాలక గోలపెట్టు
పసిఁడి ముట్టిన వానికే పస్తు మిగిలె.

ఒరగల్లు

ఇప్పటిదాకా వచ్చినవాటిలో “పసిఁడి ముట్టిన” అన్న మాట అక్షరాలా సరిపోయింది కంసాలికే. కానీ పని వరస తిరగబడింది. కరగించి ఊదరు, ఊది కరగిస్తారు. మూసలో బంగారం, వెలిగారం వేసి కుంపట్లో పెట్టి ఊదుగొట్టంతో ఊదితేనే కరుగుతుంది. ఇలా మార్చండి:

*ఊరి సొమ్మెల్ల నిత్యమ్ము నూది కరఁచు
చేతి పని పోయె…*

నిత్యమ్మున్ + ఊది; ఊ–ఊ యతి.

పాత పలక

“చూడు” పాదం నింపడానికి వచ్చిందే. ఉన్నా ప్రమాదం లేదు, లేకుంటే మేలు.

కుంపటి

సవరణకు ధన్యవాదాలు. “యంత్రాలు” అన్నదానికి వివరం: రబ్బరు అచ్చులోకి మైనం ఎక్కించి, ఆ మైనపు ఉంగరాలను చెట్టుకొమ్మల్లా ఒకే కాడకు అతికించి, చుట్టూ ప్లాస్టరు పోసి, సుమారు 730 డిగ్రీల దాకా మెల్లగా కాల్చి మైనం పోగొట్టి, ఆ ఖాళీలో బంగారం పోస్తారు. తొందరపడి వేడి పెంచితే ప్లాస్టరు చిట్లి నగ అంచుల్లో రెక్కలొస్తాయి. మైనం పూర్తిగా కాలకపోతే బొక్కలు పడతాయి. కుదిరితే మటుకు ఒక్క పోతలో డజన్లకొద్దీ ఉంగరాలు. చేతిపనివాడు ఒక్క ఉంగరానికి తీగ లాగే వేళకు అవి మెరుగుకు వెళ్లిపోతాయి.

ఇంకోటి. కొనేవాడు కట్టే తరుగు కొట్టుకు పోతుంది. పనివాడు మాత్రం తీసుకున్న బంగారానికి గ్రాముల లెక్కన జవాబు చెప్పాలి. అందుకే ఆకురాయి పొడి, కూర్చున్న చోటి దుమ్ము, చేతులు కడిగిన నీళ్లు కూడా పారబోయరు. ఊడ్చిన చెత్తను కాల్చి, ఇనుప రజను అయస్కాంతంతో తీసి, వెలిగారంతో కరిగిస్తారు. దాన్ని నత్రికామ్లంతో శుద్ధి చేయాలంటే బంగారం ఒక పాలు ఉంటే వెండి మూడు పాళ్లు ఉండేలా ముందు కలుపుకోవాలి. వెండి తక్కువైతే ఆమ్లం లోపలికి దిగదు, శుద్ధి సగంలో ఆగుతుంది.

నిర్వాహకుడు

ఈనెల పుల్ల, కుంపటి గార్ల సవరించిన పద్యాలు, గుడిగంట గారి క్రమాలంకారం ఈ వారం ఎంపిక. అరసున్న గారిది నాలుగోది; అన్వయానికి వాదించాల్సి రావడమే దాని లోటు.

వచ్చే వారానికి ఆటవెలది నాలుగో పాదం, ఐదూ సూర్యగణాలే:

*ఇనుము పసిఁడి కంటె నెక్కు డయ్యె*

ఇనుము (న) – పసిఁడి (న) – కంటె (హ) – నెక్కు (హ) – డయ్యె (హ). యతి ఇ–ఎ. ఉల్కల ఇనుముతో చేసిన టూటన్‌ఖామున్ బాకు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. దాని పిడి బంగారం, అలుగు ఇనుము.