పిల్లల నెమ్ముకి (న్యుమోనియాకి) అల్ట్రాసౌండ్ స్కానింగ్ చాలా, ఎక్స్‌రే కావాలా?

మందస మేనత్త: మా అన్న కూతురికి ఏడాదిన్నర. దగ్గు, జ్వరం, ఆయాసం. శ్రీకాకుళంలో డాక్టరు గారు ఎక్స్‌రే తీయకుండా ఛాతీకి స్కానింగ్ చేసి, కుడివైపు నెమ్ము ఉందని మందులు మొదలుపెట్టారు. స్కానింగ్ కడుపుకే కదా అని మా అమ్మకి ఒకటే టెన్షన్. ఎక్స్‌రే కూడా అడగాలా?

బొబ్బిలి పిల్లల డాక్టరు: అక్కర్లేదమ్మా. గాలి నిండిన ఊపిరితిత్తిలోకి స్కానింగ్ తరంగాలు దూరలేవు. నెమ్ము పట్టిన చోట గాలి పోయి నీరు, చీము చేరతాయి. అక్కడ తరంగాలు లోపలికి వెళ్తాయి, ఊపిరితిత్తి కాలేయంలా గట్టిగా కనిపిస్తుంది. శ్వాసనాళాల్లో మిగిలిన గాలి తెల్లగా, ఊపిరితో పాటు కదులుతుంది. పిల్లల ఛాతీ పలచన కాబట్టి ఇంకా బాగా కనబడుతుంది. రేడియేషన్ లేదు, తల్లి ఒడిలోనే చూడొచ్చు. చేయి తిరిగిన డాక్టరుంటే మొదటి పరీక్ష ఇదే కావాలంటాను.

విజయనగరం రేడియాలజిస్టు: ఆ చేయి తిరగడం దగ్గరే నా అభ్యంతరం సార్. ఊపిరితిత్తి అంచుని తాకని నెమ్ము స్కానింగ్‌కి అందదు. సెంటీమీటరు లోపు మచ్చలు వైరల్ దగ్గులోనూ ఉంటాయి. వాటికల్లా యాంటీబయాటిక్ రాస్తూ పోతే ఎలా?

బొబ్బిలి పిల్లల డాక్టరు: చిన్న మచ్చల మాట ఒప్పుకుంటాను. అందుకే బిడ్డను చూశాకే స్కానింగ్ చూడాలి. అనుమానం మిగిలితే ఎక్స్‌రే ఎలాగూ ఉంది.

మెళియాపుట్టి ఏఎన్ఎం: మీరిద్దరూ ఆసుపత్రి దాకా వచ్చిన పిల్లల గురించే మాట్లాడుతున్నారు సార్. మా కొండ ఊళ్లలో నా చేతిలో ఉన్నది గడియారం, పల్స్ ఆక్సీమీటరు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెడతాం. రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే నెమ్ముగా చూస్తాం. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా, ఆక్సిజన్ 90 కంటే తగ్గినా వెంటనే పంపిస్తాం. చేతిలో పట్టే స్కానింగ్ మిషన్ ఇస్తే సరిపోతుందని ఈమధ్య అందరూ అంటున్నారు. కానీ 1994 లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద ప్రతి స్కానింగ్ మిషన్‌కీ రిజిస్ట్రేషన్ ఉండాలి, దాన్ని ఊరూరా తిప్పనివ్వరు. ఆడపిల్లల కోసం పెట్టిన చట్టం అది, సడలించమని నేనడగను. ముందు ప్రతి సబ్‌సెంటర్‌లో పనిచేసే ఆక్సీమీటరు, పిల్లల వేలికి సరిపోయే క్లిప్పు ఉండేలా చూడండి.

విజయనగరం రేడియాలజిస్టు: మీ మాటకే నా ఓటు మేడమ్.

బొబ్బిలి పిల్లల డాక్టరు: ఊళ్లో ఆక్సీమీటరు, పిల్లల వార్డులో స్కానింగ్. రెండూ అడుగుదాం. మందస అమ్మా, మందులు మధ్యలో ఆపొద్దు. రెండు రోజుల్లో జ్వరం తగ్గకపోతే అదే డాక్టరుకి చూపించండి. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే ఎక్స్‌రే కంటే స్కానింగే బాగా పట్టిస్తుంది. ఆయాసం పెరిగితే మాత్రం రెండు రోజులూ ఆగొద్దు.