చర్చ: ఇండిలా ‘మినీ వరల్డ్’, అర్థం తెలియక ముందు, తెలిశాక

కాకినాడ కాజా
రెండేళ్ళ క్రితం రీల్స్‌లో పదిహేను సెకన్ల ముక్క విని, ఫ్రెంచ్ గాయని ఇండిలా పాడిన ‘దెర్నియేర్ దాన్స్’ పాట వెతికి పట్టుకున్నా. తర్వాత ఆ పాట ఉన్న ‘మినీ వరల్డ్’ ఆల్బమ్ మొత్తం విన్నా, పది పాటలు. ఒక్క ముక్క అర్థం కాదు, అయినా ఆఫీసు బస్సులో రోజూ అదే. పోయిన నెల మా పిన్ని కూతురి హల్దీ వీడియోకి ఆ పాటే వెనకాల పెట్టి ఎడిట్ చేశా. పసుపు చల్లుకోవడం స్లో మోషన్‌లో, బామ్మ నవ్వడం, అన్నీ పాటకి సరిగ్గా పడ్డాయి. మా టీమ్‌లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఒకావిడకి చూపిస్తే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లిగా, “పెళ్ళికి ఈ పాటా?” అంది. మొదటి మాటే తన బాధని పిలుస్తూ మొదలవుతుందట! ఎవరూ లేని మనిషి పారిస్ మెట్రోలో తిరుగుతూ పాడే పాటట.
ఇక్కడ ఫ్రెంచ్ వచ్చినవాళ్ళు ఉన్నారుగా. అర్థం తెలిశాక ఈ ఆల్బమ్ మీకు ఎలా అనిపించింది?

రెండో భాష
హహ, కాజా గారూ, వీడియో తీసెయ్యకండి. బామ్మ నవ్వితే చాలు.
నాది ఇంటర్లో మార్కుల కోసం తీసుకున్న ఫ్రెంచ్. రాయడం వచ్చింది, వింటే తెలిసేది కాదు. ఇప్పుడు పిల్లలకి చెప్తున్నా కాబట్టి ఒక మాట. మీరు ‘దాన్స్’ అని రాశారు, అందులో ‘న్’ పలకకూడదు. గాలి సగం ముక్కులోంచి పోవాలి. మా క్లాసులో పలక మీద అరసున్న వేసి చూపిస్తా: ‘దాఁస్’. మనం పుస్తకాల్లోంచి తీసేసిన అక్షరం ఫ్రెంచ్ నేర్పడానికి పనికొస్తోంది! ఇంకోటి, మామూలు మాటల్లో పలకని చివరి ‘e’ అక్షరానికి పాటల్లో ఒక్కోసారి చిన్న అచ్చు ఇచ్చి సాగదీస్తారు. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కదా, అందుకేనేమో ఆ పాటలు మన చెవికి అంత పరాయిగా తోచవు. ఇది నా ఊహే, భాషాశాస్త్రం కాదు.

పాత క్యాసెట్
ఆవిడ మన ఇండియా అమ్మాయి అని విన్నా, నిజమేనా? పేరే ఇండిలా.

లియోన్‌లో తెలుగోడు
లేదన్నా. పుట్టింది పారిస్‌లో, 1984లో. అసలు పేరు అదిలా సెద్రయా, అల్జీరియా మూలాలున్న కుటుంబం. తనని తాను ‘ప్రపంచపు బిడ్డ’ అని చెప్పుకుంటుంది. గాయని కాకముందు పారిస్ పక్కన రుంజిస్ హోల్‌సేల్ మార్కెట్లో గైడ్‌గా పని చేసింది. మన బోయినపల్లి మార్కెట్‌ని ఊహించుకుని, దాన్ని చాలా రెట్లు పెంచండి, అదీ రుంజిస్.
ఆల్బమ్ 2014 ఫిబ్రవరిలో వచ్చింది. అంతకుముందే, 2013 నవంబరులో, ‘దెర్నియేర్ దాఁస్’ సింగిల్‌గా వచ్చి ఫ్రాన్స్ చార్టులో 2వ స్థానం దాకా వెళ్ళింది. అంతకు ముందు కొన్నేళ్ళు వేరే ర్యాపర్ల పాటల్లో పల్లవి పాడే గొంతుగా ఉండేది. సంగీతం చేసింది స్కాల్పోవిచ్ అనే అతను. 2015లో ఇక్కడి సంగీత అవార్డులు ‘విక్త్వార్ ద లా ముజీక్’లో కొత్తవాళ్ళ ఆల్బమ్ బహుమతి దీనికే ఇచ్చారు.
ఇక్కడ రేడియోలకి ఒక రూలుంది. 1996 నుంచి జనం ఎక్కువగా వినే టైమ్‌లో వేసే పాటల్లో కనీసం 40 శాతం ఫ్రెంచ్ పాటలుండాలి (తర్వాత కొంత సడలించారు). ఇంగ్లీషులో పాడితేనే బతుకుతాం అనే టెన్షన్ కొత్తవాళ్ళకి కాస్త తగ్గడానికి అదీ ఒక కారణం అంటారు. మన ఎఫ్ఎమ్‌లకి అలాంటిది పెడితే ఎలా ఉంటుందో!

పాత క్యాసెట్
థాంక్స్ తమ్ముడూ. ఇక నా మాట కూడా వినండి, తిట్టినా సరే. మొదటి నాలుగు పాటలు బంగారం. ఆ తర్వాత అంతా ఒకే అచ్చు. వయొలిన్లు లేస్తాయి, డప్పు పడుతుంది, గొంతు ఏడుపు అంచుదాకా వెళ్ళి ఆగుతుంది. ‘ఎగో’ ఒక్కటే కాస్త చిలిపిగా ఉంది. అర్థం తెలియనివాడికి మూడో ఏడుపుకీ ఏడో ఏడుపుకీ తేడా ఏం తెలుస్తుంది?

రెండో భాష
‘ఎగో’లో అద్దాన్ని అడుగుతుంది, అందరికన్నా అందగాళ్ళెవరో చెప్పమని. అందుకే ఆ చిలిపితనం. మిగతా మాట ఒప్పుకుంటా, ‘రన్ రన్’ దగ్గర నేనూ ముందుకి నొక్కేస్తా.

తాండూరు బండ
పాత క్యాసెట్ గారికి ఒక్క పాట గురించి చెప్పాలి. రెండోది, ‘తూర్నే దాఁ ల వీద్’. అంటే శూన్యంలో గిర్రున తిరగడం అట. నేనూ మొదట బీట్ కోసమే విన్నా. ఒకరోజు రాత్రి ఫోన్‌లో అనువాదం పెట్టుకుని చదివా. పోయిన మనిషిని తలుచుకుంటోంది. నల్లగా ఉండేవాడు, చూపులో సిగ్గు, చేతులు మొత్తం పాడైపోయాయి. ఎందుకంటే రాళ్ళు చెక్కేవాడు, కూలివాడి కొడుకు. వింటున్నవాళ్ళు నవ్వుతుంటే, “ఎందుకు నవ్వుతారు, మీకేం తెలుసు” అని అడుగుతుంది.
మా నాన్న ఇరవై ఆరేళ్ళు బండల పాలిషింగ్‌లో పనిచేశాడు. నీళ్ళలో, ఆ తెల్లటి బురదలో చేతులు నాని నాని వేలి చివర్లు నున్నగా అయిపోయాయి. రేషన్ షాపులో మిషన్ మీద వేలు పెడితే పట్టదు. బొటనవేలు, చూపుడువేలు, మళ్ళీ బొటనవేలు, లుంగీకి తుడుచుకుని మళ్ళీ. వెనకాల లైన్లో ఉన్నవాళ్ళు నవ్వుతుంటారు. చిన్నప్పుడు నేనూ పక్కకి జరిగి నిలబడ్డా, మా నాన్న కాదన్నట్టు.
ఇంత దూరాన ఒకావిడ ఆ చేతుల గురించి పాప్ పాట రాసి, అది డాన్సు పాటలా మోగడం నాకు వింతగా ఉంది. ఇప్పుడు బీట్ వినిపించట్లేదు, ఆ లైన్ కోసమే ఎదురుచూస్తా.

పాత క్యాసెట్
అయ్యో తమ్ముడూ. ఈ రాత్రి మళ్ళీ వింటా.

కాకినాడ కాజా
తాండూరు బ్రో, నాన్నగారికి వినిపించావా?

తాండూరు బండ
వినిపించా. మొత్తం విని, “మన బుర్రకథ వాళ్ళలా బాగా సాగదీస్తోంది” అన్నాడు. అర్థం చెప్పలేదు. చెప్పాలో వద్దో తేల్చుకోలేకపోతున్నా.

మణికొండ మామ
నా కేసు రివర్స్. అర్థం తెలిశాక ‘లవ్ స్టోరీ’ నాకు పోయింది. అప్పట్లో నాకూ ఒక పాత కథ ఉండేది, ఆ పాటలో నాకు కావాల్సిన మాటలు నేనే నింపుకున్నా. తీరా చూస్తే ఒకతను పాత ఫొటో ముందు కూర్చుని రాని మనిషి కోసం ఎదురుచూస్తుంటాడు, లోకం పిచ్చివాడంటుంది, కాదు నమ్ముతున్నాడంతే అంటుంది ఆవిడ. పాట గొప్పదే. కానీ నా పాట కాదు ఇప్పుడు, అతనిది. అందుకే ‘బ్వాత్ ఆఁన్ అర్జాఁ’ అర్థం మాత్రం చూడను. వెండి పెట్టె అని తెలుసు, లోపల ఏముందో తెలియక్కర్లేదు.

రెండో భాష
మామ గారూ, నోరు మూసుకుంటా, ప్రామిస్.

కాకినాడ కాజా
ఆవిడ రెండో ఆల్బమ్ ఎప్పుడు? పదేళ్ళు దాటింది కదా.

లియోన్‌లో తెలుగోడు
2019లో ఒక సింగిల్ వచ్చింది, ‘పార్ల్ ఆ తా తేత్’. అప్పుడప్పుడూ వేరేవాళ్ళ పాటల్లో వినిపిస్తుంది. ఇంటర్వ్యూలు తక్కువ, కచేరీలు ఇంకా తక్కువ. ఇక్కడికొచ్చిన కొత్తలో టికెట్ దొరుకుతుందని ఎంత వెతికానో. అటు చూస్తే ఆ మొదటి పాట వీడియో యూట్యూబులో వంద కోట్ల వ్యూస్ దాటేసింది. ఇక్కడ తోటి విద్యార్థులకి అది స్కూల్ రోజుల పాట, “నువ్విప్పుడు వింటున్నావా?” అని నవ్వుతారు.
సీడీ మాత్రం సెకండ్ హ్యాండ్ కొట్లో దొరికింది. లోపల చిన్న పుస్తకం కూడా ఉంది, ఎవరో కొన్ని మాటల కింద పెన్సిల్‌తో గీతలు పెట్టారు.

తాండూరు బండ
అన్నా, ఇంకోటి దొరికితే తీసుకురా. సంక్రాంతికి వస్తావుగా.

లియోన్‌లో తెలుగోడు
ఇదే తెస్తాలే. ప్లేయర్ ఉందా మరి?

పాత క్యాసెట్
ప్లేయర్ నా దగ్గరుంది. మూత కొంచెం చేత్తో పట్టుకోవాలి.