గోల్కొండకి స్క్రాబుల్‌లో 74 పాయింట్లు ఇవ్వాలా, వద్దా?

ఏడు టైల్స్ (మలక్‌పేట): మొన్న ఆదివారం అక్కావాళ్లింట్లో స్క్రాబుల్ ఆడుతున్నాం. టైల్స్ అంటే అక్షరాల బిళ్లలు; వాటిని గళ్ల బోర్డు మీద పేర్చి ఇంగ్లిష్ మాటలు కట్టాలి, ఒక్కో అక్షరానికి ఇన్ని పాయింట్లని ఉంటాయి. బోర్డు మధ్య నిలువు వరుసలో ఎవరో వేసిన మాటలో ఒక 'ఏ' ఉంది. దాని ముందు నా ఏడు టైల్సూ పేర్చి ఇంగ్లిష్‌లో గోల్కొండ వేశాను. జి 2, ఓ 1, ఎల్ 1, సి 3, మళ్లీ ఓ 1, ఎన్ 1, డి 2, ఏ 1. అంతా కలిపి 12. మాట విలువ రెట్టింపు చేసే డబుల్ వర్డ్ గడి తగిలింది కాబట్టి 24. ఏడూ ఒకేసారి దించినందుకు 50. మొత్తం 74. బావగారు ఒప్పుకోలేదు. "అది కోట పేరు, ఊరి పేర్లు చెల్లవు" అని కాగితం మీద 74 కొట్టేసి సున్నా వేశారు. ఫోన్‌లో డిక్షనరీ తీశాను. చిన్న 'జి'తోనే ఉంది: సిరులిచ్చే గని, తరగని సంపద దొరికే చోటు అని అర్థం. చూడనన్నారు. ఆడేవాళ్లు చెప్పండి, చెల్లుతుందా లేదా?

గచ్చిబౌలి బోర్డు: చెల్లుతుంది. స్క్రాబుల్‌లో చెల్లే మాటల కాలిన్స్ లిస్టులో ఉంది, అమెరికా వాళ్ల లిస్టులోనూ ఉంది. చివర 'ఎస్' తగిలించినా చెల్లుతుంది.

పెద్దక్షరం: లిస్టులో ఉన్నంత మాత్రాన సరిపోదండీ. ఈ ఆటకి మొదటి నియమమే పెద్దక్షరంతో మొదలయ్యే మాటలు వేయకూడదని. గోల్కొండ అనగానే హైదరాబాద్‌లో ఎవరికైనా కోటే కళ్లముందుకొస్తుంది గానీ గని కాదు. సిటీ బస్సు బోర్డు మీద రాసుండే పేరది. రేపు మా పిల్లలు హైదరాబాద్ అని వేస్తే దానికీ ఇవ్వాలా? మీ బావగారిదే న్యాయం.

ఏడు టైల్స్: హైదరాబాద్‌కి చిన్నక్షరంతో వేరే అర్థం లేదు, అందుకే చెల్లదు. గోల్కొండకి ఉంది. చైనా అంటే పింగాణీ, జపాన్ అంటే నల్లటి మెరుపు పూత. రెండూ చెల్లుతాయి. బట్టల రకం కాలికో కూడా కాలికట్ పేరు మీదే వచ్చింది. వాటికి లేని అభ్యంతరం మన ఊరి పేరుకే ఎందుకు?

లాల్‌దర్వాజ: అక్కా, ఆట అన్నంక డిక్షనరీదే ఫైనల్. మీ బావ ఛాలెంజ్ చేసిండు, ఓడిపోయిండు. గంతే.

పల్నాడు నీళ్లు: చెల్లుతుందా లేదా అని కొట్టుకుంటున్నారు, అసలు ఆ అర్థమే తప్పు కదా! గోల్కొండలో గని ఎక్కడుంది? కోట కట్టింది గ్రానైటు గుట్ట మీద. పేరు గొల్లకొండ, గొర్రెలు కాచుకునేవాళ్ల కొండ. వజ్రాలు తవ్వింది కృష్ణ ఒడ్డున, కొల్లూరులో, పరిటాలలో. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే కొల్లూరులో ఆడా మగా పిల్లలూ కలిసి 60,000 మంది దాకా పనిచేస్తున్నారని రాశాడు. కోహినూర్ అక్కడిదేనంటారు. తవ్వినవాళ్ల ఊరి పేరు ఏ ఇంగ్లిష్ డిక్షనరీలోనూ లేదు, అమ్మినవాళ్ల ఊరి పేరు మాత్రం గని అనే అర్థంతో కూర్చుంది.

కార్వాన్ గల్లీ: అన్నా, వజ్రం మట్టిల ఉన్నంత సేపు రాయే. కోసింది, సాన పట్టింది, తూచింది, లోకానికి అమ్మింది గోల్కొండ కోట దగ్గరి మా కార్వాన్‌ల. బ్రెజిల్‌ల దొరికే దాక, అంటే 1720ల దాక, దునియాల వజ్రం అంటే గోల్కొండ వజ్రమే. అమ్మిన బజారు పేరే పడతది. దీనికి ఏడుపెందుకు?

పల్నాడు నీళ్లు: ఏడుపంటారా? రాజ్యం మీది, బజారు మీది, పేరు మీది. మాకు మిగిలింది గోతులు. ఇప్పుడవీ లేవు.

కార్వాన్ గల్లీ: రాష్ట్రం వేరైనంక కూడా మా పేరు మీద పడి ఏడుస్తరు!

నిర్వాహకులు: ఆంధ్ర, తెలంగాణ గొడవ ఇక్కడొద్దు. ఇద్దరికీ ఇదే చివరిసారి చెప్పడం. మాట గురించి మాట్లాడండి.

ఉప్పల్ మెట్రో: పందికొక్కు కూడా ఇంగ్లిష్‌లోకి పోయి బ్యాండికూట్ అయింది. 14 పాయింట్లు.

పెద్దక్షరం: మళ్లీ అసలు విషయానికొస్తాను. చిన్నక్షరంతో ఉందని ఒప్పుకుంటా, సరే. కానీ ఒక్కటి చెప్పండి. ఈ అర్థంలో గోల్కొండని ఏ పుస్తకంలోనైనా చదివారా, ఎక్కడైనా వాడారా? లేక లిస్టు బట్టీ పట్టి వేశారా? మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన 'క్యూఐ', 'జెడ్ఏ' అని ఊరికే వేస్తాడు. అర్థమడిగితే నవ్వుతాడు. నేను ముప్పై ఏళ్లు ఇంగ్లిష్ పాఠాలు చెప్పాను. అర్థం తెలియని మాట వేయడం భాష కాదు, దొంగాట.

గచ్చిబౌలి బోర్డు: సార్, న్యూజిలాండ్‌లో పుట్టిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి మాట్లాడడం రాకుండానే 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 2024లో స్పానిష్‌లోనూ గెలిచాడు. ఆయనదీ దొంగాటేనా?

పెద్దక్షరం: నా దృష్టిలో అది జ్ఞాపకశక్తి పోటీ. భాషకి దానితో సంబంధం లేదు.

ఏడు టైల్స్: మాస్టారూ, ఈ మాట మొదటే రాయాల్సింది, సిగ్గనిపించి రాయలేదు. బావగారు ఆ రోజు అన్నదీ అచ్చం ఇదే. "తెలుగు మీడియం వాళ్లు ఇంతే, అర్థం తెలియకపోయినా లిస్టులు బట్టీ కొడతారు" అన్నారు. నా కూతురు, అక్క పిల్లలు, అందరూ అక్కడే ఉన్నారు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఇంటర్‌లో క్లాసులో నోరు తెరవడానికి భయపడేదాన్ని. హాస్టల్‌లో ఒక సీనియర్ పాత బోర్డు ఇచ్చింది. రెండు టైల్స్ పోతే అట్టముక్కలు కత్తిరించి పెన్నుతో అక్షరాలు రాసుకున్నాం. కొత్త మాట కనపడితే లాంగ్‌సైజ్ నోట్‌బుక్‌లో రాసుకుని, పక్కన తెలుగులో అర్థం రాసుకునేదాన్ని. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ ఉంది. గోల్కొండ పక్కన "నిధి, గని, సిరిగల చోటు" అని రాసుంది. నాకు అర్థం తెలుసు. నన్ను ఎవరూ అడగలేదు.

లాల్‌దర్వాజ: అక్కా, గీ మాట ముందుగాల చెప్పాలె.

పెద్దక్షరం: నేను మిమ్మల్ని ఉద్దేశించి అనలేదమ్మా. అయినా ఆ మాట మీకు తగిలింది, తప్పు నాదే. మీ 74 మీకు రావాల్సిందే. కానీ అర్థం తెలిసే వేయాలన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. మీ నోట్‌బుక్కే దానికి సాక్ష్యం.

పల్నాడు నీళ్లు: అక్కా, మీ మాట మీద నా గొడవ తెచ్చి పెట్టాను, ఏమనుకోకండి. మా అమ్మమ్మగారి ఊరు కొల్లూరు పక్కనే. కృష్ణ మీద పులిచింతల డ్యామ్ నింపాక గనులున్న చోటు కూడా నీళ్ల కిందకి పోయింది. చిన్నప్పుడు వాన వెలిసిన మర్నాడు అమ్మమ్మ నన్ను వెంటబెట్టుకుని గట్ల వెంట తలొంచుకుని నడిచేది, మెరిసే రాయి కనపడుతుందేమోనని. ఎన్నడూ దొరకలేదు. మీ పోస్టు చదివి రాత్రి కొల్లూరుకి లెక్క వేశాను. కె 5, ఓ 1, ఎల్ 1, ఎల్ 1, యు 1, ఆర్ 1. పది పాయింట్లు. వేస్తే ఎవరైనా కొట్టేస్తారు.

కార్వాన్ గల్లీ: ఊరు మునిగిందని నాకు తెల్వదన్నా. ఏడుపు అన్న మాట వాపస్ తీస్కుంటున్న. కార్వాన్‌ల కోసిన రాయి మీ ఊరిదే, గది ఎవ్వలూ కాదనరు.

ఏడు టైల్స్: ఈ ఆదివారం మళ్లీ వెళ్తున్నాం. నోట్‌బుక్ బ్యాగ్‌లో పెట్టుకున్నాను. పాత స్కోరు కాగితం అక్క దాచి ఉంచిందట.