చర్చ: ప్రాచీన ఈజిప్టు నవలల్లో కల్పనకు హద్దు ఉండాలా?

తాళపత్రం:
ప్రాచీన ఈజిప్టు నేపథ్యంగా వచ్చే చారిత్రక నవలలంటే నాకు ఎంతో ఇష్టం. అయితే గీజా పిరమిడ్లను కొరడా దెబ్బలు తింటూ బానిసలే కట్టారనే ఘట్టం ఎదురైతే మాత్రం పుస్తకం ముందుకు సాగదు. ఆ పిరమిడ్లకు దగ్గరలోనే పనివాళ్ల సమాధులు 1990లో బయటపడ్డాయి; బానిసలైతే రాజు పిరమిడ్ పక్కనే అలా సమాధి చేసేవారు కాదు. 2013లో ఎర్ర సముద్ర తీరాన వాదీ అల్-జర్ఫ్‌లో దొరికిన పపైరస్ (రెల్లుతో చేసిన కాగితం) పత్రాల్లో, ఖుఫూ రాజు పిరమిడ్ కోసం తన బృందం తురా రాతి గనుల నుంచి సున్నపురాళ్లను పడవల మీద ఎలా చేరవేసిందో మెరెర్ అనే అధికారి రోజువారీగా రాసిపెట్టాడు. ఇంత తెలిశాక కూడా పాత అపోహనే కథగా అల్లడం రచయితకు తగునా?

వెన్నెలదారి:
తాళపత్రం గారూ, నవలను తవ్వకాల నివేదికలా చదవడం న్యాయం కాదు. ఈజిప్షియన్లే తమ గతాన్ని కథలుగా మలచుకున్నారు. ఖుఫూ తర్వాత ఎన్నో శతాబ్దాలకు రాసిన వెస్ట్‌కార్ పపైరస్‌లో, తెగిన తలను తిరిగి అతికించగల జెదీ అనే మాంత్రికుడు ఉన్నాడు. ఒక ఖైదీ మీద ఆ విద్య చూపమని ఖుఫూ రాజు ఆజ్ఞాపిస్తే, మనిషి మీద ఆ పని తగదని చెప్పి బాతు మీద చూపిస్తాడు. ఇది జరిగిందని ఎవరూ అనరు, కానీ రాజు మాటను ఎదుటే కాదనగల మనిషిని ఊహించుకున్న ఆ సమాజం మనసు ఈ కథలో తెలిసినంతగా రాజుల విజయ శాసనాల్లో తెలియదు.

గోదారిగట్టు:
రచనాకాలాన్ని కూడా చూడాలండీ. 1968 ఎక్స్‌రేలో ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ పుర్రెలో ఎముక ముక్కలు కనిపించడంతో హత్య అనుమానం బలపడింది. తలమీద దెబ్బతో చంపారనడానికి ఆధారం లేదని 2005 సీటీ స్కాన్ తర్వాత తేల్చారు. ఆ మధ్యకాలంలో హత్య కథ రాసినవారిని తప్పుపట్టలేము.

తాళపత్రం:
అంగీకరిస్తాను. నా బాధ ఆధారం దొరికాక కూడా దాన్ని వదిలేయడం గురించే. ఖుఫూకు వెయ్యేళ్లకు పైగా తర్వాత, మూడవ రామ్సెస్ పాలన 29వ ఏట, రాజుల సమాధులు తొలిచే దెయిర్ ఎల్-మదీనా అనే ఊరి పనివాళ్లు తమకు జీతంగా రావలసిన ధాన్యం అందక పని ఆపి, ఆలయాల దగ్గర బైఠాయించారు. ఆకలిదప్పులే తమను అక్కడికి తెచ్చాయని, బట్ట లేదని, చేప లేదని, కూర లేదని వాళ్లు మొరపెట్టుకున్న మాటలు ఇటలీలోని టురిన్‌లో ఉన్న పపైరస్‌లో నేటికీ చదవవచ్చు. ఇంతటి మనుషులు దొరికినప్పుడు కొరడా ఎందుకు?

వెన్నెలదారి:
ఆ సమ్మెను నవలగా చదవాలని నాకూ ఉంది. అయితే ఆ పపైరస్ పనివాళ్ల ఫిర్యాదును, అధికారుల జవాబును నమోదు చేసిందే తప్ప, రేపు మళ్లీ వెళ్దామా వద్దా అని ఇళ్లలో వాళ్లు పడ్డ తర్జనభర్జనను నమోదు చేయలేదు. రచయితకు నేను కోరే స్వేచ్ఛ అక్కడే.