సాల్మన్ కేజ్‌లకు సీళ్ల బెడద: స్కాట్లాండ్‌లో వాటిని తుపాకీతో కాల్చే లైసెన్స్ ఇంకా ఇస్తున్నారా?

కేజ్‌సైట్: పడమటి తీరంలో సైట్, సముద్రంలో వల పంజరాల్లో (కేజ్‌లలో) సాల్మన్ చేపలు పెంచుతాం. సీళ్లు, అంటే చేపలు తినే సముద్ర క్షీరదాలు, బెడదగా ఉన్నాయి. వల అడుగున పొట్టలు కొరికేసిన చేపలు దొరుకుతున్నాయి. 2010 నాటి మెరైన్ స్కాట్లాండ్ చట్టం కింద సీళ్లను కాల్చే లైసెన్స్‌కి ఇప్పటికీ దరఖాస్తు పెట్టొచ్చా?

తీరరేఖ: కుదరదండీ. 2011 నుంచి ఇచ్చేవారు. చేపల పెంపకాన్ని, చేపల వేటను కాపాడుకోవడానికి అనే కారణాన్ని 2021 ఫిబ్రవరి 1 నుంచి చట్టంలోంచి తీసేశారు. సముద్ర క్షీరదాలను కావాలని చంపే చోటినుంచి చేపలు కొనబోమని అమెరికా దిగుమతి నిబంధన పెట్టడమే దీనికి ముఖ్య కారణం. ఇప్పుడు కాల్చితే నేరమే. ఇది మంచి మార్పనే నా అభిప్రాయం.

వలపని: ముందు వల బిగువు చూడండి. సీల్ బయటినుంచి వలను లోపలికి తోసి, వలతో సహా చేపను పట్టి కొరుకుతుంది. వల వదులుగా ఉంటే దానికి పని తేలిక. పౌర్ణమి, అమావాస్య పోట్లకు ప్రవాహం ఉధృతంగా ఉన్నప్పుడు కెమెరా దించి, వల అడుగుభాగం ఎంత పైకి లేస్తోందో చూడండి. లేస్తుంటే సింకర్ ట్యూబ్ (వలను కిందికి లాగి బిగువుగా ఉంచే బరువైన గొట్టపు వలయం) బరువు చాలడం లేదన్నమాట. నైలాన్ బదులు హెచ్‌డీపీఈ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) వల వేస్తే బిరుసుగా నిలుస్తుంది, కానీ అది నీటిలో తేలే రకం కాబట్టి బరువు ఇంకా పెంచాలి. చచ్చిన చేపల్ని రోజూ తీసేయండి, సీళ్లను రప్పించేవి అవే.

కేజ్‌సైట్: శబ్దంతో తరిమే యంత్రాలు పెడితే?

తీరరేఖ: ఆ శబ్దానికి పోర్పాయిస్‌లు (డాల్ఫిన్లను పోలిన చిన్న సముద్ర క్షీరదాలు), డాల్ఫిన్లు కూడా బెదురుతాయి. అవి రక్షిత జీవులు. వాటికి ఇబ్బంది కలిగే అవకాశం ఉంటే విడిగా లైసెన్స్ తీసుకోవాలి. పైగా కొన్నాళ్లకు సీళ్లు ఆ శబ్దానికి అలవాటు పడిపోవచ్చు. ఆ డబ్బు వల మీద పెట్టండి.