డేలైట్ సేవింగ్ మారాక బ్యాకప్ ఫైళ్లన్నీ సరిగ్గా గంట తేడా, మొత్తం మళ్లీ కాపీ అవుతోంది

కూకట్‌పల్లి_లెడ్జర్:
అందరికీ నమస్తే. కూకట్‌పల్లిలో మాది చిన్న అకౌంటింగ్ ఆఫీసు, పనంతా డాలస్ క్లయింట్‌దే. వాళ్ల గడువులు వాళ్ల టైమ్‌లో ఉంటాయని ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ అమెరికా సెంట్రల్ టైమ్ జోనే పెట్టాం. రోజూ పని అయ్యాక ఒక సింక్ ప్రోగ్రామ్‌తో డీ డ్రైవ్‌లోని ఫోల్డర్లను యూఎస్‌బీ హార్డ్ డిస్క్‌లోకి బ్యాకప్ తీస్తాం, మారిన ఫైళ్లు మాత్రమే వెళ్లాలి, ఇన్నాళ్లూ అలాగే వెళ్లాయి. మార్చి రెండో ఆదివారం అక్కడ డేలైట్ సేవింగ్ కోసం గడియారాలు గంట ముందుకు జరిపారు కదా, సోమవారం బ్యాకప్ మొదలుపెడితే జనవరి, ఫిబ్రవరిలో ముగించి పక్కన పెట్టిన ఫైళ్లు కూడా మారినట్టు చూపించి అన్నీ మళ్లీ కాపీ చేయడం మొదలుపెట్టింది. భయమేసి మధ్యలో ఆపేశాను.

ప్రాపర్టీస్ తీసి పోల్చి చూస్తే డీ డ్రైవ్‌లో ఉన్న ఫైల్ కంటే యూఎస్‌బీలో ఉన్న కాపీ సరిగ్గా గంట వెనక ఉంది. నిమిషాలు కలుస్తున్నాయి, సైజు అదే. ఈ సోమవారం తర్వాత చేసిన ఫైళ్లలో తేడా లేదు. మా ఆఫీసులో ఒకాయన కంప్యూటర్ గడియారం గంట వెనక్కి తిప్పితే సరిపోతుంది అంటున్నారు. అది చేయొచ్చా? క్లయింట్ ఫైల్ మోడిఫైడ్ టైమ్ కూడా చూస్తాడు, అదే నా టెన్షన్. ఎవరైనా లోపల ఏం జరుగుతోందో చెప్తే బాగుంటుంది.

పాతడిస్కు:
గడియారం మాత్రం ముట్టుకోకండి. అది కరెక్ట్‌గానే ఉంది. చేత్తో తిప్పితే ఇంటర్నెట్ నుంచి టైమ్ తెచ్చుకునే సర్వీసు తర్వాత మళ్లీ సరిచేస్తుంది, ఈలోపు మీరు సేవ్ చేసిన ఫైళ్లకు మాత్రం నిజంగానే తప్పు టైమ్ పడుతుంది. ఇప్పుడు లేని సమస్య అప్పుడు వస్తుంది.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఆ యూఎస్‌బీ డిస్క్ ఫైల్ సిస్టమ్, అంటే డిస్క్ మీద ఫైళ్లను రాసుకునే పద్ధతి, ఫ్యాట్32 అయి ఉండాలి. డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైల్ సిస్టమ్ అనే చోట చూడండి. డీ డ్రైవ్ ఎన్‌టీఎఫ్ఎస్ అయి ఉంటుంది. రెండూ టైమ్‌ని వేరే వేరే పద్ధతుల్లో రాసుకుంటాయి. ఎన్‌టీఎఫ్ఎస్ యూటీసీలో రాసుకుంటుంది, అంటే ఏ దేశానికీ చెందని ఒకే లెక్క, మనకు చూపించేటప్పుడు మాత్రమే లోకల్ టైమ్‌లోకి మారుస్తుంది. ఫ్యాట్32 గోడ మీద గడియారం చూసి కాగితం మీద రాసుకున్నట్టు అప్పటి లోకల్ టైమ్‌ని మాత్రమే రాస్తుంది. ఏ జోన్, డేలైట్ సేవింగ్ ఉందా లేదా అన్నది అందులో ఎక్కడా ఉండదు.

మీ ఫైల్‌తోనే లెక్క కట్టి చూద్దాం. ఫిబ్రవరిలో డాలస్ టైమ్ ఉదయం 10:00కి సేవ్ చేశారు. అప్పుడు సెంట్రల్ టైమ్ యూటీసీకి 6 గంటలు వెనక, కాబట్టి ఎన్‌టీఎఫ్ఎస్‌లో 16:00 అని పడింది, ఫ్యాట్32లో 10:00 అని పడింది. ఇప్పుడు మార్చి మార్పు తర్వాత సెంట్రల్ టైమ్ యూటీసీకి 5 గంటలే వెనక. విండోస్ ఫ్యాట్32లోని 10:00ని తీసుకుని ఇవాళ్టి 5 గంటలే కలిపి యూటీసీలో 15:00 అనుకుంటుంది. ఇటు 16:00, అటు 15:00. సింక్ ప్రోగ్రామ్‌కి డీ డ్రైవ్ ఫైల్ గంట కొత్తదిగా కనిపిస్తుంది, అందుకే కాపీ చేస్తోంది. ఫైల్ లోపల అక్షరం కూడా మారలేదు. మార్చి తర్వాత చేసిన ఫైళ్లకు రాసేటప్పుడూ చదివేటప్పుడూ అదే 5 గంటలు కాబట్టి తేడా రాలేదు.

ఇప్పటికి చేయాల్సింది, వీలైతే విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కాపీ కమాండ్ వాడండి. దానికి స్లాష్ డీఎస్‌టీ అనే ఆప్షన్ ఇస్తే సరిగ్గా గంట తేడాని తేడాగా లెక్కపెట్టదు. స్లాష్ ఎఫ్ఎఫ్‌టీ కూడా ఇవ్వండి, ఎందుకంటే ఫ్యాట్ మోడిఫైడ్ టైమ్‌ని 2 సెకన్ల మెట్టులోనే రాయగలదు, ఆ చిన్న తేడాకి కూడా కాపీలు మొదలవుతాయి. ముందు స్లాష్ ఎల్ పెట్టి నడపండి, ఏమీ కాపీ చేయకుండా ఏవి కాపీ అవుతాయో జాబితా మాత్రం చూపిస్తుంది. ఒక జాగ్రత్త ఉంది, ఎవరైనా ఫైల్‌ని సరిగ్గా గంట తర్వాత, సైజు మారకుండా మార్చి ఉంటే అది తప్పిపోయే వీలుంది. చాలా అరుదు, కానీ లెక్కల ఫైళ్లు కాబట్టి చెప్తున్నా.

శాశ్వతంగా పోవాలంటే ఆ డిస్క్‌లోని డేటా మొదట ఇంకోచోట పెట్టుకుని డిస్క్‌ని ఎన్‌టీఎఫ్ఎస్‌గా ఫార్మాట్ చేయండి. లేకపోతే నవంబర్ మొదటి ఆదివారం ఇదే కథ ఎదురు దిశలో వస్తుంది.

రాత్రిషిఫ్ట్_మాదాపూర్:
పాతడిస్కు గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం, దానికి ఇంకోటి కలుపుతా. అన్నా, అసలు హైదరాబాద్‌లో ఉన్న మెషీన్లకు సెంట్రల్ టైమ్ జోన్ ఎందుకు? మన ఐఎస్‌టీ ఏడాది పొడవునా యూటీసీకి 5:30 ముందే, మారదు. మీ కంప్యూటర్లు ఐఎస్‌టీలో ఉండి ఉంటే ఫ్యాట్32 డిస్క్ అయినా ఈ గంట తేడా వచ్చేదే కాదు. డాలస్ టైమ్ కళ్ల ముందు ఉండాలంటే విండోస్‌లో అదనపు గడియారాలు రెండు పెట్టుకోవచ్చు, టాస్క్‌బార్‌లో టైమ్ మీద మౌస్ పెడితే కనిపిస్తాయి. కాకపోతే ఫ్యాట్ డిస్క్ ఉండగానే జోన్ మార్చకండి, అప్పుడు గంట కాదు, పాత ఫైళ్లకు పదిన్నర గంటల తేడా, కొన్నిటికి పదకొండున్నర తేడా పడుతుంది. ముందు డిస్క్ మార్చి, తర్వాత జోన్ మార్చండి.

షెడ్యూల్ చేసిన పనులు కూడా చూసుకోండి. మార్చిలో డాలస్‌లో తెల్లవారుజామున 2:00 కాగానే 3:00 అవుతుంది, 2:30 అనే టైమే ఆ రోజు లేదు. మన దగ్గర అది ఆదివారం మధ్యాహ్నం 1:30. నవంబర్‌లో అక్కడ 1:00 నుంచి 2:00 వరకు గంట రెండుసార్లు నడుస్తుంది, వెనక్కి జరిగే క్షణం మనకు ఆదివారం మధ్యాహ్నం 12:30. అందుకే 2:00, 3:00 మధ్య పెట్టిన ఆటోమేటిక్ బ్యాకప్ మార్చిలో ఆ రోజు తప్పిపోవచ్చు, 1:00, 2:00 మధ్య పెట్టినది నవంబర్‌లో ఆ రోజు రెండుసార్లు నడవచ్చు. ఉదయం 5:00కో 6:00కో మార్చేస్తే గొడవ లేదు.

జిప్ ఫైళ్ల సంగతి కూడా ఇదే. మామూలు జిప్‌లో జోన్ లేని లోకల్ టైమే ఉంటుంది, డాలస్‌లో ఉదయం 10:00కి చేసిన ఫైల్ ఇక్కడ ఐఎస్‌టీ మెషీన్‌లో విప్పినా ఉదయం 10:00 అనే చూపించవచ్చు. క్లయింట్‌తో టైమ్ గురించి వాదన వస్తే ఇది గుర్తుంచుకోండి.

ఉబుంటు_కొత్త:
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోవద్దు. నా ల్యాప్‌టాప్‌లో విండోస్ పక్కన ఉబుంటు వేశాను, ఉబుంటు నుంచి విండోస్‌లోకి వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక చూపిస్తోంది. ఇదీ డేలైట్ సేవింగేనా?

పాతడిస్కు:
కాదు, ఇది వేరే. తేడా ఎంతో చూస్తేనే సగం సంగతి తెలిసిపోతుంది. సరిగ్గా గంట అయితే డేలైట్ సేవింగ్. మన దగ్గర ఐదున్నర గంటలంటే మదర్‌బోర్డ్‌లోని గడియారాన్ని లైనక్స్ యూటీసీగానూ, విండోస్ లోకల్ టైమ్‌గానూ చదవడం. ఉబుంటులో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో సెట్ లోకల్ ఆర్‌టీసీ అనేదాన్ని 1 చేస్తే కలిసిపోతుంది. నాకైతే విండోస్‌నే యూటీసీ చదివేలా రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోట, మార్చడం మేలనిపిస్తుంది, కానీ కొత్తవాళ్లకు మొదటిది సులువు. డెస్క్‌టాప్ ఆన్ చేసిన ప్రతిసారీ ఎన్నో ఏళ్ల వెనక్కి పోతుంటే మాత్రం మదర్‌బోర్డ్ గడియారాన్ని నడిపే సీమోస్ బ్యాటరీ అయిపోయినట్టు. సాధారణంగా సీఆర్2032 బటన్ సెల్, సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఏ షాపులో అడిగినా ఇస్తారు.

కూకట్‌పల్లి_లెడ్జర్:
పాతడిస్కు గారూ, మీరు చెప్పినట్టే ఫ్యాట్32. స్లాష్ ఎల్‌తో నడిపితే ఈ వారం ముట్టుకున్న ఫైళ్లు మాత్రమే జాబితాలో వచ్చాయి, పాతవి ఒక్కటీ రాలేదు. చాలా పెద్ద బరువు దిగింది. ఈ శనివారం ఆఫీసు ఖాళీగా ఉన్నప్పుడు డిస్క్ ఫార్మాట్ చేసి, ఆ తర్వాత అన్నిటినీ ఐఎస్‌టీకి మారుస్తాం. ఇంకొక్క సందేహం, సోమవారం మధ్యలో ఆపేసేలోపు కాపీ అయిపోయిన ఫైళ్ల సంగతేంటి? క్లయింట్ అడిగితే అవి మారలేదని చూపించడం ఎలా?

రాత్రిషిఫ్ట్_మాదాపూర్:
వాటికేం కాలేదు అన్నా, అవే ఫైళ్లు ఇప్పుడు 5 గంటల లెక్కతో రాసుకున్నాయి, అందుకే మీ డీ డ్రైవ్‌తో కలుస్తున్నాయి. రుజువు కావాలంటే టైమ్ చూపించకండి, హ్యాష్ చూపించండి, అంటే ఫైల్ లోపల ఉన్నదాన్ని బట్టి లెక్కకట్టే గుర్తు. విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్‌కి హ్యాష్‌ఫైల్ అని, ఫైల్ పేరు, చివర ఎస్‌హెచ్‌ఏ256 అని ఇస్తే అంకెలు, అక్షరాలు కలిసిన పొడవాటి వరుస ఒకటి వస్తుంది. డీ డ్రైవ్ ఫైల్‌కీ యూఎస్‌బీ ఫైల్‌కీ, క్లయింట్ దగ్గర ఉన్న కాపీకీ అదే వరుస వస్తే లోపల ఏమీ మారలేదన్నట్టే, టైమ్ ఏం చూపించినా సరే. ఫార్మాట్ చేసే ముందు డేటాని పక్కకు కాపీ చేశాక కూడా కొన్ని ముఖ్యమైన ఫైళ్లకు ఇలా చూసుకుని, అప్పుడే ఫార్మాట్ నొక్కండి.